దిద్దుబాటు ఎవరి పని?

పదకొండేళ్ళ కిందట, మా బడిలో చదివి వెళ్ళిన ఒక అమ్మాయి నా దగ్గరికి కథ రాసుకొని వచ్చింది. తల్లితో కలిసి బీడీలు చుట్టే పిల్ల. ఇంటర్ సగంలో చదువు ఆగిపోయింది. పాత లెక్కల నోటుబుక్కులో మిగిలిన పేజీల్లో రాసిన పన్నెండు పేజీల కథ అది. చుట్టిన బీడీల్లో కొన్నిటిని బాగాలేవని కార్ఖానాలో పక్కన పడేస్తారు. పడేసినవాటికి కూలి ఉండదు. ఆ రోజు ఎన్ని పోయాయో మనసులో లెక్కపెట్టుకుంటూ ఒక తల్లి కార్ఖానా నుంచి ఇంటికి నడిచి వస్తుంది. కథంతా ఆ నడకే.

నేను మూడు రోజులు ఉంచుకొని, ఎర్రసిరాతో దిద్ది తిరిగిచ్చాను. ఆమె "పొద్దూకినంక" అని రాసినచోట "సాయంత్రమయ్యాక" అని రాశాను. "అంబటాళ్ళ" కొట్టేసి "మధ్యాహ్నం వేళ" చేశాను. "యాష్టకొచ్చింది" నా చేతిలో "విసుగొచ్చింది" అయింది. ముగింపు తేలిపోయిందని పక్కన రాశాను. మొత్తం నలభై ఒక్క దిద్దుబాట్లు. ఆ అంకె ఇప్పటికీ గుర్తుండటానికి కారణం, పరీక్ష పేపరు మీద మార్కులు వేసినట్టు చివరి పేజీలో ఆ లెక్క వేసి సంతకం పెట్టడమే. "బాగా రాశావమ్మా, ఇవి సరిచేసుకొని తీసుకురా" అన్నాను. "తీరుగ రాసినంక మల్ల దెస్త సార్" అని వెళ్ళింది.

మొన్న ఎండాకాలం ఒక పెళ్ళిలో కనిపించింది. ఇద్దరు పిల్లల తల్లి. కథ ఏమైందని అడిగాను. "ఇంక తీరుగ రాలే సార్" అంది. ఏడుసార్లు సాపు రాసిందట. ఎవరికీ చూపలేదట. రెండో కథ మొదలుపెట్టనే లేదు.

బాగాలేవని పక్కన పడేసిన బీడీల గురించి ఆమె కథ రాస్తే, ఆ కథను నేనూ బాగాలేదని పక్కన పడేశాను. కనుక ఈ వ్యాసం ఇతరులకు చెప్పే నీతి కాదు. ముందుగా ఇది ఒక విమర్శకుడి ఆత్మవిమర్శ. ఆ తర్వాతే, రాసింది పూర్తికాలేదనో తగినంత బాగాలేదనో సొరుగుల్లో దాచుకుంటున్న మిత్రులతో ఒక చర్చ.

దీన్ని పరిపూర్ణతా వ్యామోహం అందాం. మనలో చాలామంది దీన్ని సద్గుణంగానే లెక్కిస్తారు. "ఆయన రాసినదానికి ఒక పట్టాన తృప్తిపడడు" అనటం మన సాహిత్యలోకంలో పొగడ్తే. నిజానికి ఆ మాట వెనక రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి శ్రద్ధ. రెండవది భయం. రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి. రెండూ కాగితాలు చించుతాయి, మళ్ళీ రాస్తాయి. శ్రద్ధ పాఠకుణ్ణి తలుచుకొని దిద్దుతుంది. భయం విమర్శకుణ్ణి తలుచుకొని దిద్దుతుంది. శ్రద్ధ ఎక్కడో ఒకచోట ఆగి, రచనను అప్పగిస్తుంది. భయానికి ఆగేచోటు లేదు.

ఈ భయం ఎక్కడినుంచి వచ్చింది? కొంత మన అలంకారశాస్త్ర సంప్రదాయంలోనే ఉంది. మమ్మటుడు కావ్యాన్ని నిర్వచిస్తూ దోషాలు లేని శబ్దార్థాలు అన్నాడు. గుణాలకన్నా ముందు దోషరాహిత్యం చెప్పాడు. పద్నాలుగో శతాబ్దపు విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో ఆ మాటను నిలదీశాడు. దోషం ఏ కొంచెమూ ఉండకూడదంటే లోకంలో కావ్యం అనదగినది దొరకడమే అరుదైపోతుందన్నాడు. పురుగు తొలిచినంత మాత్రాన రత్నం రత్నం కాకుండా పోదు కదా అని ఉపమానం చెప్పాడు. ఎం.ఏ.లో మేం ఈ వాదం చదివాం, పరీక్షలో రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. విశ్వనాథుడి పక్షాన జవాబు రాసి, బయటికొచ్చాక జీవితమంతా మమ్మటుడి పక్షాన ఎర్రసిరా వాడాం.

మిగతా భయం భాష నుంచి వచ్చింది. తప్పు రాస్తామేమోనన్న భయం మన సమాజంలో ఊరికే పుట్టలేదు. గ్రాంథికమే రాతభాషగా చెలామణీ అయినంతకాలం, తప్పులు పట్టే అధికారం కొద్దిమంది చేతుల్లో ఉండేది. గిడుగు రామమూర్తి చేసిన గొప్ప పనుల్లో ఒకటి, ఆ అధికారుల రాతల్లోనే తప్పులు చూపించటం. గ్రాంథికం తప్పనిసరి అన్న పండితులే దాన్ని నిర్దుష్టంగా రాయలేకపోతున్నారని వారి వాక్యాలే ఉదాహరణలుగా ఎత్తి నిరూపించాడు. ఆ పోరాటంలో మనం గెలిచామనే అనుకుంటాం. అయితే గ్రాంథికం పోయినచోట ప్రామాణికం వచ్చి కూర్చుంది. "పొద్దూకినంక" కొట్టేసి "సాయంత్రమయ్యాక" అని రాసిన నా చెయ్యి గిడుగు వారసుడి చెయ్యి కాదు.

ఇంతకీ, దిద్దుబాటు ఎవరి పని? రచయిత ఒంటరిగా గదిలో కూర్చొని పూర్తిచేసి, ఆ తర్వాత లోకానికి ఇచ్చే పనా? లేక లోకంలోకి వచ్చిన తర్వాతే అసలు మొదలయ్యే పనా? మన ఆధునిక సాహిత్యపు తొలిపుటల్లోనే దీనికి జవాబుంది.

కన్యాశుల్కం 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైంది. 1897లో అచ్చయింది. నేడు మనం చదువుతున్న కన్యాశుల్కం అది కాదు. మనం చదివేది 1909 నాటి రెండో కూర్పు. అయిదంకాల నాటకం ఏడంకాలయింది. నిడివి పెరగటం అసలు సంగతి కాదు. మనకు తెలిసిన మధురవాణి, ఆ సమాజాన్నంతటినీ నవ్వుతూ పట్టి చూపించే మధురవాణి, ప్రధానంగా రెండో కూర్పులో రూపుదిద్దుకున్న మనిషి. మొదటి కూర్పు ముందు పెట్టుకొని చదివితే, ఒక సంస్కరణ నాటకం పన్నెండేళ్ళలో ఒక సమాజపు నాటకంగా ఎలా మారిందో విద్యార్థులకు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది.

గురజాడ తొందరపాటు మనిషని ఎవరూ అనలేరు. పన్నెండేళ్ళ తర్వాత తన నాటకాన్ని దాదాపు కొత్తగా రాసినవాడు. మరి పరిపూర్ణమయ్యేదాకా ఆగుదామని 1892లో ఆయన అనుకొని ఉంటే? ఆయన ముందున్నది తన పేరు నిలబడుతుందా అన్న ప్రశ్న కాదు. విజయనగరం మహారాజా ఆనందగజపతి లెక్క తీయిస్తే, విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాలు 1,034 అని తేలింది. మొదటి కూర్పు ముందుమాటలో గురజాడే ఈ అంకె ఇచ్చాడు. ఆ ఆడపిల్లలు రెండో కూర్పు కోసం ఆగలేరు. కనుక ఉన్న నాటకాన్ని ఆడించాడు, అచ్చువేయించాడు. నాటకం జనంలోకి వెళ్ళింది. జనం నవ్వినచోట నవ్వారు, నవ్వనిచోట నవ్వలేదు. కాలం మారింది, ఆయన చూపు మారింది. ఆ అనుభవమంతా రెండో కూర్పులోకి వచ్చింది. 1897 కూర్పు లేకుండా 1909 కూర్పు లేదని నా అభిప్రాయం. లోపాలున్న మొదటి నాటకమే లోపాలు తగ్గిన రెండో నాటకానికి పెట్టుబడి.

ఆయన అన్నీ పూర్తిచేశాడనీ కాదు. కొండుభట్టీయం, బిల్హణీయం అసంపూర్తిగానే మిగిలాయి. 1915లో ఆయన పోయేనాటికి వయసు 53. అచ్చులోకి పంపినవి పంపకపోయి ఉంటే అవి కూడా ఆ అసంపూర్తి కాగితాల కట్టలోనే చేరేవి.

ఇంకొక ఉదాహరణ మరింత సూటిగా ఉంటుంది. 1910లో వచ్చిన గురజాడ "దిద్దుబాటు"ను తొలి తెలుగు కథగా మనం చాలాకాలం పాఠం చెప్పుకున్నాం. అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 1902లో, భండారు అచ్చమాంబ "ధనత్రయోదశి" అచ్చయింది. బడికి వెళ్ళి చదివే అవకాశం లేని స్త్రీ, తమ్ముడి చదువు పక్కన కూర్చొని అక్షరాలు నేర్చుకున్న స్త్రీ, కథలు రాసి పత్రికలకు పంపింది. 1905లో, ముప్పై ఏళ్ళ ప్రాయంలో, చనిపోయింది. ఆ కథలో శిల్పలోపాలు వెతికేవారికి దొరుకుతాయి. నీతిబోధ కనిపిస్తుంది, సంభాషణ బిగుసుకొని ఉంటుంది. కాని అది అచ్చయింది. అచ్చయింది గనకనే దశాబ్దాల తర్వాత పరిశోధకులు వెతికి తీయగలిగారు, చరిత్రను దిద్దగలిగారు. ఇంకొంచెం బాగా రాద్దామని ఆమె దాచుకొని ఉంటే చరిత్ర దిద్దుకోవటానికి మన చేతిలో ఏముండేది? విమర్శకులు తప్పు తీర్పు చెప్పినా రచన బతుకుతుంది. రచయితే తన మీద తాను తీర్పు చెప్పుకొని దాచేస్తే, ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

ఇక అభ్యుదయ సాహిత్యోద్యమం సంగతి. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన "మాభూమి" 1947లో వచ్చింది. అప్పటికి తెలంగాణ రైతు పోరాటం నడుస్తోంది. ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా ఆడాయి. అప్పటి మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించవలసి వచ్చింది. ఈరోజు తరగతి గదిలో ఆ నాటకం చదివితే, దుష్టపాత్రలు ఒకే రంగులో ఉన్నాయనీ, కొన్ని ఘట్టాలు ఉపన్యాసాలయ్యాయనీ చెప్పవచ్చు. చెప్పాలి కూడా. కాని అది సాపు అయ్యేదాకా పోరాటం ఆగదు. దాశరథి నిజామాబాదు జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశాడు. బొగ్గుతో గోడమీద రాసేవాడికి చిత్తుప్రతి, సాపుప్రతి అన్న తేడా ఎక్కడిది?

ఇక్కడ కొందరు మిత్రులు అడ్డుతగులుతారు. తగలాలి కూడా. "ఇది నిర్లక్ష్యానికి పట్టం కట్టటం కాదా? వస్తువు మంచిదైతే చాలు, శిల్పం ఎలా ఉన్నా ఫరవాలేదన్న పాత పొరపాటునే మళ్ళీ చెబుతున్నావా? ఇప్పటికే ఫోనులో తోచింది తోచినట్టు రాసి అదే క్షణంలో పదిమందికి పంపే రోజులివి, ఇంకా తొందరపెట్టాలా?" అంటారు.

ఈ ప్రశ్నకు నా జవాబు చాగంటి సోమయాజులు, కాళీపట్నం రామారావు. చాసో రాసిన కథలు తక్కువ. ఒక్క వాక్యం ఎక్కువ ఉండదు. "ఎంపు", "వాయులీనం" చదివినవారెవరూ చాసో శ్రద్ధను శంకించలేరు. కా.రా. విశాఖపట్నంలో బడిపంతులుగా పనిచేస్తూ కథలు రాసినవాడు. ఆయనా మితంగానే రాశాడు. వీరిద్దరినీ చూపించి "చూడు, తక్కువ రాసినా గొప్పగా రాయాలి" అని చెప్పటం మనకు అలవాటు. అందులో మనం వదిలేసే సగం ఉంది: వారు ఆ కథల్ని ముగించారు, ఇచ్చేశారు. "యజ్ఞం" 1960ల నడిమిలో వచ్చింది మొదలు దాని ముగింపు మీద వాదోపవాదాలు దశాబ్దాల పాటు సాగాయి. సీతారాముడు తన కన్నబిడ్డను నరకటం న్యాయమా, అవాస్తవమా, ప్రతీకా అని విమర్శకులు చీలిపోయి రాశారు. ఆ ముగింపు అందరినీ ఒప్పించేదాకా కా.రా. ఆగి ఉంటే మనకు "యజ్ఞం" లేదు, ఆ చర్చా లేదు. అంతటి శ్రద్ధగల రచయిత కథ కూడా పాఠకుల చేతుల్లో పడ్డాకే తన పూర్తి అర్థాన్ని సంపాదించుకుంది.

అదే కా.రా. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం నెలకొల్పాడు. అది ఉత్తమ కథల మందిరం కాదు. తెలుగులో వచ్చిన కథలన్నిటినీ చేర్చాలన్నది ఆయన పట్టుదల. తన కథను వాక్యం వాక్యం తూచి రాసినవాడు, ఇతరుల కథల్ని తూకం వేయకుండా అన్నిటికీ చోటిచ్చాడు. ఈ రెంటికీ వైరుధ్యం లేదు. తన పనిలో శ్రద్ధ వహించినవాడికే, పదిమంది పనిలో ఒక్కొక్కటీ ఎందుకు అవసరమో తెలుస్తుంది.

ఇందులో వర్గానికి సంబంధించిన ప్రశ్న కూడా ఉంది. దిద్దటానికి తీరిక కావాలి. తీరిక అందరికీ సమానంగా పంచిపెట్టిన సంపద కాదు. జీతం రాళ్ళున్న నాబోటివాడు ఆదివారం మధ్యాహ్నం ఒక పేరాను నాలుగు రకాలుగా రాసి చూడగలడు. రోజుకు ఇన్ని వందల బీడీలని లెక్క తేల్చవలసిన స్త్రీకి ఆ ఏడు సాపుప్రతులు ఏ నిద్రలోంచి వచ్చాయో ఆలోచించండి. తీరికగలవారి ప్రమాణాన్ని తీరికలేనివారి మీద మోపి, "ఇంకా బాగా రాయి" అనటం పైకి ప్రోత్సాహంలా వినిపిస్తుంది. ఫలితంలో అది గెంటివేత. అలా వారు మౌనంగా ఉండిపోయిన తర్వాత, "శ్రామికుల నుంచి రచయితలు రావటం లేదు" అని మనమే సభల్లో విచారం ప్రకటిస్తాం.

పరిపూర్ణతా వ్యామోహంలో సొంత ఆస్తి భావం కూడా లేకపోలేదు. ఈ కథ నాది, దీని మంచిచెడ్డలు నా పరువు, కనుక పరువుకు భంగం రాకుండా చూసుకొని గాని గడప దాటించను అనుకోవటం. కాని మన భాషలోని మహాభారతమే ఒక్కడి చేతిమీదుగా పూర్తికాలేదు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోతే, తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు, ఎర్రన నడుమ మిగిలినదాన్ని పూరించాడు. మనకాలంలో వట్టికోట ఆళ్వారుస్వామి 1961లో మరణించేనాటికి "గంగు" నవల పూర్తికాలేదు. ఆ అసంపూర్తి నవలనే అచ్చువేశారు, మనం చదువుకున్నాం. "ప్రజల మనిషి" చెప్పిన కాలం తర్వాత తెలంగాణ పల్లె ఎటు నడిచిందో తెలుసుకోవటానికి ఆ అసంపూర్తి పేజీలు మనకు పనికివచ్చాయి.

మరి రచన ఎప్పుడు పూర్తయినట్టు? నాకు తోచిన గీటురాయి ఒక్కటే. చేతిలో ఉన్న సవరణను అడగాలి: నువ్వు ఈ కథను పాఠకుడికి దగ్గర చేస్తున్నావా, లేక నాకు రక్షణ కల్పిస్తున్నావా? మొదటిదైతే చేయాలి, పదిసార్లయినా చేయాలి. రెండోదైతే కలం మూసి కథను ఎవరికైనా ఇవ్వాలి. ఒక మాటకు బదులు ఇంకొక మాట పెట్టి, మర్నాడు మళ్ళీ మొదటి మాటే పెడుతున్నామంటే, మనం ఒంటరిగా చేయగలిగిన పని అయిపోయిందన్నమాట. మిగిలినది పాఠకులతో కలిసి చేయవలసిన పని.

విమర్శకులమైన మన బాధ్యత ఇంతకంటే ఎక్కువ. మన నెలనెలా సమావేశాల్లో అచ్చయిన కథల మీద గంటలకొద్దీ మాట్లాడతాం. చిత్తుప్రతుల్ని చదివి వినిపించే అలవాటు తగ్గిపోయింది. దాన్ని మళ్ళీ తేవాలి. చదివిన తర్వాత మొదటి ప్రశ్న భాష మీద కాకుండా, ఈ కథ ఎవరి బతుకును చూపిస్తోంది, ఎంతవరకు చూపించగలిగింది అన్నదాని మీద ఉండాలి. మాట మార్చమనే ముందు ఆ మాట ఎందుకు వాడారో అడగాలి. అడిగి ఉంటే, "అంబటాళ్ళ" అన్నది మధ్యాహ్నం మాత్రమే కాదని, అది తిండి వేళ అనీ, ఆ తల్లి ఆ వేళకు తినలేదన్న సంగతి ఆ ఒక్క మాటలోనే ఉందనీ ఆ అమ్మాయి నాకు చెప్పి ఉండేది. నేను అడగలేదు. పదకొండేళ్ళ తర్వాత పెళ్ళిపందిట్లో గాని నాకు అది అర్థం కాలేదు.

ఆమెను నేను ఏడో సాపుప్రతి అడగలేదు. నా ఎర్రసిరా పడిన మొదటి నోటుబుక్కే కావాలన్నాను. "అది ఉన్నదో లేదో చూడాలె సార్" అంది. ఇంకా రాలేదు. నిర్దుష్టమైన మొదటి కథ కోసం ఏడుసార్లు సాపు రాసిన మనిషి చేత రెండో కథ రాయించటం ఇప్పుడు నాకున్న పెద్ద బాకీ.

ఇంత చెప్పి నా సంగతి దాచుకోవటం న్యాయం కాదు. 2009లో మొదలుపెట్టిన నా కథ ఒకటి ఇంటి సొరుగులో ఉంది. కొత్తగా బడికి వచ్చిన పంతులు, ఒక సమ్మె, ఒక సంతకం దాని వస్తువు. ముగింపు కుదరలేదని పదిహేనేళ్ళకు పైగా ఎవరికీ చూపలేదు. నిజం చెప్పాలంటే, ఇతరుల కథల్లో తప్పులు పట్టే మనిషిగా నాకున్న పేరు ఆ కథతో పోతుందన్న భయమే అడ్డం. వచ్చే నెల మా ఊరి సమావేశంలో దాన్ని చదువుతున్నాను. ముగింపు ఇంకా కుదరలేదు. వచ్చినవాళ్ళు చెబుతారు.